నవ్వు కేసు

నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా అందుకుంటూ మా ఆయన, "నీ ఉద్యోగమే నయం. బూతు బొమ్మలు చూసినందుకు నీకు జీతమిస్తారు, మేం చూస్తే తిడతారు" అన్నాడు. అత్తగారు వినకూడదని గొంతు తగ్గించాడు. ఆవిడకి నాది 'కంప్యూటర్ పని' అని మాత్రమే తెలుసు. నేను రెండో చొక్కా పరిచాను.

ఒక సైటులో జనం ఫిర్యాదు చేసిన వీడియోలు చూసి 'ఉంచు' అనో 'తీసెయ్' అనో నొక్కడం మా పని. ఒక్కోదానికి నలభై సెకన్లు. ఆడమనిషి ఏడ్చినా, తోసినా, వద్దన్నా తీసెయ్యాలి. నవ్వుతూ కనిపిస్తే ఉంచాలి. వాటిని మేం 'నవ్వు కేసు' అంటాం. చివరిదాకా చూసే తీరికెక్కడ?

మధ్యాహ్నం బాక్సులు విప్పగానే మా ఆఫీసు వాళ్లిద్దరికీ వాదన మొదలైంది. "ఈ బూతు వీడియోలు మొత్తం మూసి పారెయ్యాలే. ఏ ఆడది ఇష్టపడి చేస్తుంది అవి?" అంది పక్క సీటు అక్క. వాదిస్తుందని మేం 'లాయరమ్మ' అని పిలిచే పిల్ల ఊరుకోలేదు. "చేసేవాళ్లూ ఉంటారక్కా. వాళ్ల ఒంటి మీద నీ పెత్తనమేంటి? రొమ్ములో గడ్డ ఉందేమో ఎలా చూసుకోవాలో డాక్టరమ్మ చెప్పిన వీడియో మొన్న ఎగిరిపోయిందిగా. కత్తెర చేతికిస్తే ముందు తెగేది మన నోరే."

"నీకు కూతురుంటే తెలిసేది."

"ఉంటే దానికి కళ్లు మూసుకోవడం నేర్పను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. డాక్టరమ్మ వీడియో తీసేసింది నేనే. ఒళ్లు కనిపించి నవ్వు కనిపించకపోతే తీసెయ్యాలి, రూలు అదే. "బాక్సు చల్లారిపోతోంది, తిననివ్వండే" అన్నాను.

సీటుకొచ్చేసరికి ఒక అప్పీలు తెరిచి ఉంది. నేను 'ఉంచు' నొక్కిన వీడియోలో ఉన్నావిడే రాసింది: "అది నా పడగ్గది. తీసింది నా భర్త. నవ్వకపోతే ఊరుకోడు, అందుకే నవ్వాను."

మొదటిసారి చివరిదాకా చూశాను. నవ్వుతూనే ఆవిడ రెండుసార్లు తలుపు వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. "ఇందులో ఆమె చెయ్యట్లేదూ? నీకేం పోయింది?" అని మా ఆయన ఫోను నా మొహం ముందు పెట్టినప్పుడల్లా నేనూ అలాగే తలుపు వైపు చూస్తాను, పిల్లలు లేస్తారేమోనని కొంత, లేస్తే బావుణ్ణని కొంత. కాదంటే వారం రోజులు మొహం మాడ్చుకుంటాడు. ఆ వారమంతా అత్తగారు "మావాణ్ణేమన్నావమ్మా?" అని నన్నే అడుగుతుంది. దానికన్నా నవ్వడమే తేలిక. ఆవిడకీ నాకూ తేడా ఒక్కటే, మా ఆయన నన్ను వీడియో తియ్యలేదు. నాకు తెలిసినంతలో.

అక్క చెప్పినట్టు అన్నీ మూసేస్తే డాక్టరమ్మా పోతుంది. లాయరమ్మ చెప్పినట్టు కత్తెర పారేస్తే ఈవిడ అక్కడే ఉండిపోతుంది. ఇద్దరూ ఆడవాళ్ల కోసమే పోట్లాడుతున్నారు. ఈవిడ మాట మాత్రం నలభై సెకన్లలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

టీం లీడరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మంచివాడే. "మేడమ్, 'మొదటి నిర్ణయం సరైనదే' అని నొక్కెయ్యండి. నవ్వుతోంది కదా, రూలు మీ వైపే ఉంది. తప్పు ఒప్పుకుంటే మీకిది మూడోది. మూడైతే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. ఉద్యోగం పోతుంది. మళ్లీ పగలంతా ఆ ఇల్లే, ఆ స్టవ్వే, "ఇంట్లోనే ఉంటావుగా" అనే మాటే.

'తీసెయ్' నొక్కాను. కారణం రాయమన్న గడిలో, "వద్దని ఆమే చెప్తోంది" అని రాశాను.

"అయ్యో, మూడో తప్పు మేడమ్!" అన్నాడు.

"మూడోది కాదు బాబూ. చివరిదాకా చూడకుండా నేను ఉంచేసినవి ఎన్నున్నాయో నాకే తెలీదు. అన్నీ తెరువు."