పై రాగానికి యాంప్లిఫయర్

హెడ్‌ఫోన్ల గురించి నాకే పాఠాలు చెప్పబోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పన్నెండేళ్లుగా నరసరావుపేట బస్టాండు ఎదురుగా ఈ షాపు నడుపుతున్నాను. ఏ చెవికి ఏది పెట్టాలో, దేనికి యాంప్లిఫయర్ కావాలో, దేనికి దండగో నాకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. అలాంటి నా షాపుకొచ్చి బ్రహ్మం నా సరుకుకే వంక పెట్టాడు.

బ్రహ్మం నూజెండ్ల దగ్గర కంకర క్వారీలో డ్రిల్లు పడతాడు. యాభై ఏళ్లుంటాయి. ఫోన్ నిండా నాటకాల పద్యాలే.

"హార్మోనీ వినపడతంది అబ్బాయ్. పద్యమూ వినపడతంది. రాగం పైకి తీసేకాడికొచ్చేసరికి ఏందో గుడ్డ కప్పినట్టుంటంది. ఇది మూడోది. నీకాడ మంచియ్యి లేవా?"

మూడూ మంచివే. వాటికి యాంప్లిఫయర్ అక్కర్లేదు, ఫోన్ వాల్యూం సగం పెడితేనే చెవి నిండిపోతుంది. అతను ఫుల్లు పెట్టాడు. అతని చెవుల మీంచి బయటికొస్తున్న రాగం కౌంటరు ఇవతల నాకు స్పష్టంగా వినపడుతోంది. అతనికే వినపడటం లేదు.

అప్పుడు అర్థమైంది. ఏళ్ల తరబడి డ్రిల్లు మోతలో ఉన్న చెవులకు ముందు పోయేది సన్నటి శబ్దాలే. హెడ్‌ఫోన్లు తీసి, దగ్గరికి వంగి చెప్పాను. "లోపం వీటిల్లో లేదు బాబాయ్. డాక్టరుకు చెవులు చూపించుకో."

అతను గబుక్కున గుమ్మం వైపు చూశాడు. డ్రిల్లు సామాన్లు కొనడానికి తనతో వచ్చిన మేస్త్రి బసవపున్నయ్య బయట టీ తాగుతున్నాడు.

"గట్టిగా అనబాక. మేస్త్రికి తెలిస్తే రేపే పనిలోంచి తీసేస్తాడు. నాకు ఇంకో పని చాతగాదు."

క్వారీలో మందు పేల్చేముందు మేస్త్రి మూడుసార్లు విజిల్ ఊదుతాడు. మొదటిదానికి పని ఆపాలి, రెండోదానికి పరిగెత్తాలి, మూడోదానికల్లా బండ చాటుకు చేరాలి. ఆ విజిల్ వినపడనివాణ్ణి పనిలో ఉంచరు. మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావని అడిగాను.

"పక్కనోళ్ల కాళ్లు చూస్తా. ఆళ్లు పరిగెత్తితే నేనూ పరిగెత్తుతా."

జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. కానీ మేస్త్రి లోపలికి రాగానే బ్రహ్మం ఏం చేశాడో చూడండి. "అంతా డొక్కు సరుకు మేస్త్రీ. ఒక్కటీ సరిగ్గా పలకట్లా," అన్నాడు, షాపంతా వినేలా. పక్కనున్న ఇద్దరు కస్టమర్లు చేతుల్లోని పెట్టెలు కింద పెట్టేశారు. నా జాలి అక్కడితో సరి.

షాపులోకెల్లా పెద్ద హెడ్‌ఫోన్లు తీశాను. వాటికి ఫోన్ ఒక్కటే చాలదు, యాంప్లిఫయర్ ఉండాల్సిందే. రెండూ కలిపి, అతని చెవులకు తగిలించి, యాంప్లిఫయర్ ఆన్ చేశాను. ఎర్ర లైటు వెలిగింది. పద్యం మాత్రం పెట్టలేదు. ఎలా ఉందని చేత్తో అడిగాను.

ఒక్క క్షణం బ్రహ్మం మొహం పాలిపోయింది. మేస్త్రి వైపు చూశాడు. వెంటనే కళ్లు మూసుకుని, తల ఊపుతూ, కౌంటరు మీద వేళ్లతో తాళం మొదలుపెట్టాడు.

"ఆహా. ఇదీ సౌండంటే. రాగం చానా బాగా వినపడతంది."

ఏ పద్యమూ పాడని ఫోన్ ఎత్తి అందరికీ చూపించాను. కస్టమర్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బసవపున్నయ్య నవ్వలేదు. జేబులోంచి విజిల్ తీసి, బ్రహ్మం వెనక నిలబడి ఊదాడు. మేమంతా చెవులు మూసుకున్నాం. బ్రహ్మం తాళం తప్పలేదు.

"ఏదో ఒకరోజు వీడి ముక్కలు నా చేత ఏరించేవాడు," అన్నాడు మేస్త్రి నాతో. "రేపట్నించి రావద్దని చెప్పు." సామాన్ల సంచీ తీసుకుని, రోడ్డు దాటి బస్టాండులోకి వెళ్లిపోయాడు.

బ్రహ్మం కళ్లు తెరిచి హెడ్‌ఫోన్లు తీశాడు. "చూశావా మేస్త్రీ, సరుకు మంచిదైతే నా చెవులకేం?" అంటూ వెనక్కి తిరిగాడు. మేస్త్రి కనపడలేదు. బయట ఉన్నాడనుకున్నాడేమో, కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"అబ్బాయ్, హార్మోనీ కూడా వినపళ్లా. ఇందాకటి దాకా వినపడిందే. అది కూడా పోయిందంటావా?"

పద్యం పెట్టలేదు బాబాయ్ అంటే సరిపోయేది. ఆ మాట చెబితే మేస్త్రి మాట కూడా చెప్పాలి. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది.

"యాంప్లిఫయర్ ఇంకొంచెం పెంచుకో, వినపడుతుంది," అన్నాను.

అతను నా పెదాల వైపే చూసి, సరేనని తల ఊపాడు. రెండూ పెట్టెలో పెట్టి ఇచ్చాను.