ఆగాక కదిలిన ట్యాంకర్

మొండి మామ భార్యను చంపింది ఆగి ఉన్న లారీ. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు.

ఆగి ఉన్న లారీ మనిషిని ఎలా చంపుతుందని పోలీసులు నవ్వారు. కాలు జారి తనే పోయి బంపరు కింద పడిందని కాంట్రాక్టరు ఒక కాగితంలో రాయించాడు. డ్రైవరు తాగి ఉన్నాడని ఇంకో కాగితంలో రాయించాడు. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. అయినా రెండింటి మీదా ముద్ర పడింది.

జరిగింది ఇది. కుళాయిలు రాని పేటలకు నీళ్ళు పోసే కాంట్రాక్టు ఆ కాంట్రాక్టరుదే. నలభై రెండు ట్యాంకర్లు. బండి నడిపేది మగవాళ్ళు, గొట్టం పట్టేది ఆడవాళ్ళు. మొండి మామ ఒక బండికి డ్రైవరు, అతని భార్య ఇంకో బండి మీద గొట్టం మనిషి. ఇద్దర్నీ ఒకే బండి మీద వేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఇంట్లో ఆ మొహమే, బండిలోనూ ఆ మొహమేనా? నాకూ కాస్త గాలి తగలనివ్వండయ్యా" అని షెడ్డంతా నవ్వించింది. ఇరవై ఆరేళ్ళ కాపురం వాళ్ళది.

ఆ రోజు పట్టపగలు పదకొండు గంటలకు ఆమె పనిచేసే బండి మూడో పేటకు వచ్చింది. అప్పటికే రెండు పేటల్లో పోశారు కాబట్టి ట్యాంకులో నీళ్ళు సగానికి తగ్గాయి. పేటవాళ్ళ నీళ్ళ తొట్టి చుట్టూ ఒలికిన నీళ్ళతో గచ్చు నున్నగా తడిసి ఉంది. ఆమె మలుపులోనే దిగి ముందుగా నడిచొచ్చింది. బండి ఆగింది. ఆగిందని చూసుకునే, తొట్టి గోడ పక్కన పడున్న గొట్టం మూతి అందుకోవడానికి వంగింది. ఆగిన బండి రెండడుగులు ముందుకు వచ్చింది. రెండే రెండడుగులు. బంపరుకూ గోడకూ మధ్య ఆమె ఉంది.

బిందెలు పట్టుకుని నిలబడ్డ ముప్పై మంది ఆడవాళ్ళు చూశారు. "ఆగిందయ్యా, ఆగాకే వచ్చింది" అని ముప్పై మందీ చెప్పారు. రాసుకునే పోలీసు కలానికి మూత పెట్టేశాడు.

నాలుగు రోజులు మామ ఇంట్లోంచి కదల్లేదు. ఐదో రోజు షెడ్డుకు బయల్దేరాడు. సంచిలో అన్నం డబ్బా లేదు, జాకీ రాడ్డు ఉంది.

ఆ బండి నడిపినవాణ్ణి అందరూ రాళ్ళోడు అంటారు. పదేళ్ళు రాళ్ళ లారీ తోలి, మూడు నెలల కిందట ఇక్కడ చేరాడు. ఆ పొద్దునే జామీను మీద బయటికొచ్చి, షెడ్డు గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మామను చూసి పారిపోలేదు. మామ చొక్కా పట్టి లేపాడు. రాడ్డు ఎత్తాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఒక్కడూ అడ్డం రాలేదు.

"కొట్టు మామా," అన్నాడు రాళ్ళోడు. "ఒక్క మాట చెప్పి చస్తా. నేను ఆపాను. పూర్తిగా ఆగింది. నా కాలు బ్రేకు మీదే ఉంది. అయినా కదిలింది. వెనకనుంచి ఎవరో..."

"భుజం పెట్టి నెట్టినట్టు," అన్నాడు మామ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అతనికి కాసేపటిదాకా తెలియలేదు. రాడ్డు దించాడు.

ఆ తోపు అతనికి తెలుసు. ఈ కొత్త బండ్లు వచ్చిన మొదటి రోజునుంచీ తెలుసు. సగం ట్యాంకుతో గట్టిగా బ్రేకు వేస్తే, లోపలి నీళ్ళు ఒక్క ఊపున పోయి ముందు గోడకు కొట్టుకుంటాయి. తడి నేల మీద చక్రం తిరక్కుండానే బండి జారిపోతుంది. మామది పాతికేళ్ళ చెయ్యి. దూరం నుంచే మెత్తగా నొక్కుతూ వచ్చి, నీళ్ళు సద్దుమణిగేదాకా ఆగి, ఆఖరి రెండు గజాలూ పాకినట్టు పోనిచ్చేవాడు. అది తన పనితనం అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. డ్రైవర్లంతా అంతే. ఏళ్ళ తరబడి నేర్చుకున్న కిటుకు పక్కవాడికి చెబితే తన విలువ పోతుందని దాచుకుంటారు. "మామ బండి ఆపితే టీ గ్లాసు కూడా తొణకదు" అని వాళ్ళు మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాడు. ఇంటికెళ్ళి ఆమెకు చెప్పుకుని మురిశాడు కూడా.

"నీకెవరూ చెప్పలేదా?" అని అడిగాడు.

"ఎవరు చెబుతారు మామా? శిక్షణ అన్నారు. ఖాళీ బండి ఇచ్చి నాలుగు డ్రమ్ముల చుట్టూ తిప్పించారు. గంటలో అయిపోయింది. ఆఫీసరు గొడుగు కింద కూర్చుని సంతకం పెట్టాడు. రాళ్ళ బండి ఆగితే రాళ్ళూ ఆగుతాయి. నీళ్ళు ఆగవని నాకేం తెలుసు?"

మామ చొక్కా వదిలాడు. క్షమించలేదు. కొట్టవలసింది వీణ్ణి కాదని మాత్రం తెలిసింది. తనను తాను కూడా క్షమించుకోలేదు, అప్పుడూ, ఆ తర్వాతా.

మధ్యాహ్నం భోజనాల వేళ వెల్డింగ్ షెడ్డులో అందరూ కూడారు. ఆ ట్యాంకులను లారీల మీద బిగించింది వెల్డర్ అక్క. ముఖం మీది అద్దం నెత్తిమీదికి తోసి మొదలుపెట్టింది.

"అసలు ఇవి నీళ్ళ బండ్లే కావు. సిమెంటు బస్తాలు మోసి మోసి డొక్కయిన లారీలు. వాటి మీద పెట్టినవి ఏదో ఫ్యాక్టరీలో నూనె నిలవ చేసుకునే ట్యాంకులు. నేలమీద కదలకుండా ఉండాల్సినవి. కదిలే ట్యాంకుకు లోపల అడ్డపలకలు ఉండాలి, బొక్కలు పెట్టి. నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడకుండా అవి ఆ ఊపును విరగ్గొడతాయి. మన పాత బండ్లకు ఉండేవి. 'ఒక్కోదానికి ఐదు పలకలు వెయ్యాలి సార్' అని కాంట్రాక్టరును అడిగాను. 'నీకు ట్యాంకు కావాలా, ఐదు గదుల ఇల్లు కావాలా' అని నవ్వాడు."

"మరి అప్పుడే మాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు రాళ్ళోడు.

"మామ ఎందుకు చెప్పలేదు? అడుగు. నాకు ఇద్దరు పిల్లలు, పని పోతుందని భయపడ్డాను. చాలా, ఇంకా చెప్పనా?"

షెడ్డులో గోల లేచింది.

"బండ్లు ఆపేద్దాం!"

"ఆపితే రేపు గేటు బయట కొత్తవాళ్ళు నిలబడతారు. వాళ్ళకీ ఇదే గంట శిక్షణ."

"పై ఆఫీసుకు అర్జీ పెడదాం."

"పెట్టు, పెట్టు. పోయినసారి పెట్టిన అర్జీలో వాళ్ళు బజ్జీలు చుట్టుకుని తినుంటారు."

మామ లేచి నిలబడ్డాడు. గోల ఆగింది.

"మీ అర్జీలు మీరు పెట్టుకోండి. నాకు ఆ కాంట్రాక్టరు కావాలి. ఆఫీసులో వాడు కూర్చునే ఆ కుర్చీలోంచి లేవకుండా చావాలి."

"చంపు," అంది అక్క. "రాడ్డు చాలకపోతే నా కట్టరు తీసుకో. రేపు ఆ కుర్చీలో వాడి బామ్మర్ది కూర్చుంటాడు. బండ్లు ఇవే, శిక్షణ ఇదే. ఎల్లుండి ఇంకొకామె అదే గోడకు..." నాలిక కరుచుకుంది. "తప్పుగా అనుకోకు మామా."

ఎవరూ అన్నం డబ్బా మూత తియ్యలేదు.

"ఆ కుర్చీని బయటికి తీసుకొద్దాం," అన్నాడు మామ చివరికి. "అందరూ చూసేచోట వేద్దాం."

అప్పుడు, పాతికేళ్ళలో మొదటిసారి, తన కిటుకంతా విప్పి చెప్పాడు. ఎక్కడ బ్రేకు మొదలుపెట్టాలి, నీళ్ళు ఎప్పుడు కొడతాయి, ఎంతసేపటికి వెనక్కి పోతాయి. ఒక డబ్బాలో సగం నీళ్ళు పోసి బల్లమీద తోసి, ఆపి చూపించాడు. నలభై మంది తలలు ఆ డబ్బా మీదికి వంగాయి.

సోమవారం బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మనిషిని చంపిన బండిని మళ్ళీ రోడ్డెక్కించాలంటే అతని సంతకం కావాలి. షెడ్డు ముందు యార్డులో డ్రైవర్లందరూ ఉన్నారు, గొట్టం పట్టే ఆడవాళ్ళున్నారు. మూడో పేటనుంచి ఆ ముప్పై మందీ బిందెలు చంకన పెట్టుకుని నడిచొచ్చారు.

"ఖాళీ బండి అటూ ఇటూ ఒకసారి నడిపి చూపించండి, చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఖాళీ బండి ఎవరి గొంతు తడుపుతుంది బాబూ?" అంది ఒకామె. యార్డంతా నవ్వింది.

"సగం నింపండి!" అని వెనకనుంచి కేక.

కాంట్రాక్టరు చిరాకు పడ్డాడు. "సగమైతే ఏం, నిండుగా అయితే ఏం? నా బండి రాయిలా ఆగుతుంది."

"ఆగుతుందా సార్?" అన్నాడు రాళ్ళోడు.

"ఆగుతుంది."

"అయితే నింపుదాం."

అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక కాంట్రాక్టరు తలూపాడు. సగం నింపారు. నేలమీద నీళ్ళు గుమ్మరించారు, పేటల్లో పొడి నేల ఎక్కడుందని ఇన్‌స్పెక్టరును అడిగారు. యార్డు గోడకు మూడడుగుల దూరంలో రాళ్ళోడు సుద్దగీత గీశాడు. బంపరు అక్కడ ఆగాలి. అక్క ఆఫీసు గదిలోకి వెళ్ళి, మెత్త వేసిన పెద్ద చెక్క కుర్చీ మోసుకొచ్చి, గీతకూ గోడకూ మధ్య వేసింది.

"కూర్చోండి సార్."

"ఇదెందుకు?"

"మా ఆడోళ్ళు రోజూ నిలబడే చోటే సార్ అది. రాయిలా ఆగుతుందన్నారుగా."

"కూర్చోండి సార్!" అన్నారు నలుగురు. "కూర్చోండి!" అన్నారు నలభై మంది. "కూర్చో! కూర్చో!" అంది యార్డు. మర్యాదలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కాంట్రాక్టరు ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. ఇన్‌స్పెక్టరు వాచీ వంక చూసుకున్నాడు. కాంట్రాక్టరు నవ్వు తెచ్చుకుని కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"కానివ్వండి. ఎవడు తోలేది?"

మామ అప్పటికే క్యాబిన్‌లో ఉన్నాడు. అద్దం వెనక ఆ మొహం చూశాక కాంట్రాక్టరు కాలు దించాడు.

మామ తనకు తెలిసినట్టు తోలలేదు. శిక్షణలో నేర్పినట్టు తోలాడు. డ్రమ్ముల చుట్టూ తిప్పించే వేగంతో వచ్చి, గీత దగ్గర ఒక్కసారిగా తొక్కెయ్యడం. బండి వస్తోంది. కుర్చీలోని మనిషి మామ కళ్ళలోకి చూస్తున్నాడు. అక్కడ ఏం కనిపించిందో అతనికే తెలియాలి. పది గజాలుండగా లేచి పక్కకు దూకాడు. ఒక చెప్పు కుర్చీ కిందే ఉండిపోయింది.

బండి ఆగింది. సరిగ్గా సుద్దగీత మీద.

కాంట్రాక్టరు రొప్పుతూ చెయ్యెత్తాడు. "చూశారా! ఆగిం..."

ట్యాంకులో దబ్బుమని మోత. ఒక్క చక్రం కూడా తిరగలేదు. బండి మొత్తం ముందుకు జారింది. కుర్చీ వీపు గోడకు కొట్టుకుంది, చేతులు ఫెళ్ళున విరిగాయి, మెత్త చీలి పీచు బయటికొచ్చింది.

బిందె చంకన ఉన్న ఒకామె వెళ్ళి ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడింది.

"ఆ రోజూ ఇలాగే వచ్చింది. ఇప్పుడు రాసుకో."

రాళ్ళోడు ఆ బండి తాళం తీసుకుని ట్యాంకెక్కి, మూత తెరిచి లోపల పడేశాడు. తర్వాత ఇంకొకడు తన బండి తాళంతో ఎక్కాడు. ఒక్కొక్కరే ఎక్కి వేస్తుంటే నీళ్ళలో బుడుంగు బుడుంగుమని చప్పుడు. కాంట్రాక్టరు అరుస్తున్నాడు. అక్క కిందనుంచి అంది, "గొంతు చించుకోకండి సార్. పలకలు వెయ్యడానికి ఎలాగూ నేను లోపలికి దిగాలిగా, అప్పుడు తీసిస్తా."

పోలీసులు గంటలో వచ్చారు. హత్యాయత్నం అన్నారు. మామ బంపరు మీద కూర్చుని ఉన్నాడు, చేతులు చాపాడు. వ్యాను ముందు ఆడవాళ్ళు బిందెలు అడ్డం పేర్చి వాటి వెనక కూర్చున్నారు. లాఠీలతో సొట్టలు పెట్టారు, చేతుల మీద కొట్టారు, జుట్టు పట్టి లాగారు. దారి చెయ్యడానికి రెండు గంటలు పట్టింది.

తొమ్మిది రోజులు ఒక్క బండీ కదల్లేదు. డ్రైవర్ల మీదికి పేటలు తిరగబడతాయని కాంట్రాక్టరు ఎదురుచూశాడు. పేటలు తిరగబడ్డాయి, అతని ఇంటి మీదికి. తెల్లారకముందే అతని గేటు దగ్గరి కుళాయికి మైలు పొడుగున వరస కట్టేవారు. అతని ఇంట్లోవాళ్ళు మొహం కడుక్కోవాలన్నా ఆ వరసలో నిలబడాల్సి వచ్చింది.

పదో రోజు అక్క ట్యాంకుల్లోకి దిగింది. ఒక్కోదానికి ఐదు పలకలు. శిక్షణ పదిహేను రోజులు, సగం నీళ్ళతో, తడి నేల మీద. నేర్పేది గొడుగు కింది ఆఫీసరు కాదు, డ్రైవర్లు. బండి ఆగి, చక్రాల కింద దిమ్మలు పెట్టేదాకా ముందు ఏ మనిషీ నిలబడకూడదు. ఈ మూడూ కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నారు. నాలుగో మాట దగ్గర కాంట్రాక్టరు కలం పక్కన పెట్టాడు. మామ భార్య చావుకు అతని పేరు మీద కేసు. అది కాలేదు. దాని కోసం మళ్ళీ తాళాలు ట్యాంకులో వెయ్యాల్సి వస్తే వేస్తామని గేటు మీద రాసి పెట్టారు. ఎవరు చెరిపినా మర్నాటికల్లా ఆ రాత మళ్ళీ అక్కడ ఉంటోంది.

మామ మీద కేసు మాత్రం నడుస్తోంది. జామీను దొరికాక అతని వకీలు వెల్డింగ్ షెడ్డుకు వచ్చాడు. రాళ్ళోడూ, అక్కా, ఇంకా పదిమందీ చుట్టూ ఉన్నారు.

"ఒక్క ప్రశ్నే ఉంది కోర్టులో," అన్నాడు వకీలు. "మెత్తగా ఆపడం నీకు తెలుసు. అందరూ చెప్పారు. అతను కుర్చీలోంచి లేవకపోతే నువ్వు అలా ఆపేవాడివా? 'ఆపేవాణ్ణి' అను. చాలు, కేసు కొట్టేస్తారు."

అందరూ మామ వంక చూశారు. రాళ్ళోడు తల దించుకున్నాడు.

"అను మామా," అంది అక్క మెల్లగా. "ఒక్క మాటేగా."

మామ లేచాడు. భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"వాడు లేచాడు. ఆమెకు లేచే వ్యవధి దొరకలేదు. జడ్జీకి నేను చెప్పేది అంతే, మీకు చెప్పేదీ అంతే. ఈ సంగతి నా దగ్గర ఇంకెవరూ ఎత్తకండి. బతికినన్నాళ్ళూ నేను ఎత్తను."