తేట మందు

ద్రావణం, కాంజికాభం, అవలంబనం. ఈ మూడింటికీ తేడాలు రాయమంటే ఫార్మసీ పరీక్షలో పదికి పది తెచ్చుకున్నవాణ్ణి నేను. పాలు కాంజికాభం, అందులోని కణాలు అడుగుకు దిగవు. బురదనీళ్లు అవలంబనం, కదలకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగిపోతుంది. ఇంత చదివి కొడకండ్లలో మందుల దుకాణం పెట్టాను. గల్లా ముందు కూర్చున్నాక ఆ చదువంతా గంగలో కలిసింది.

జమున తండా నుంచి వచ్చి ఆరేళ్ల కూతురు మోతీకి ఫిట్స్ మందు తీసుకుంది. జనగామ డాక్టరు రాసిన తెల్లటి మందు, పూటకో చెంచా. "పొద్దున, మాపున" అని సీసా చేతిలో పెట్టాను. ఊపి పొయ్యాలని చెప్పలేదు. సీసా మీద ఇంగ్లీషులో రాసే ఉంది. జమునకు తెలుగే చదవరాదు, ఆ సంగతి నాకు తెలుసు. దుకాణంలో రద్దీగా ఉండిందని చెప్పుకోవచ్చు, కానీ లేదు. ఫోన్ చూసుకుంటున్నాను.

ఇరవై రోజులకు మోతీ పోయింది. బడికి జడ వేస్తుండగా మొదలైన ఫిట్స్, జనగామ దవాఖాన చేరేదాకా ఆగలేదట.

దినాలయ్యాక జమున సీసా పట్టుకుని వచ్చింది.

"నీ మందు మంచిగలేదు గౌసన్నా. గింత మడ్డి ఉన్నది, సూడు."

అడుగున రెండు వేళ్ల మందాన తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఒక్క పూట తప్పియ్యలే. వానకాలం బాయినీళ్లు మడ్డి దిగినంక తేటనే తాగుతం గద. గట్లనే సీసా కదలకుంట మెల్లగ వంచి తేటనే పోసిన. బిడ్డ కడుపులకు మడ్డి బోనియ్యలే."

మందంతా ఆ మడ్డిలోనే ఉంది. 'అవును చెల్లె, కంపెనీ మోసం' అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే ఆమె గుండె కొంత కుదుటపడుతుంది, నేనూ బయటపడతాను. సిగ్గులేకుండా అనేవాణ్ణే.

"మా తండాల హీర్యా కొడుక్కు గూడ గిదే మందు. తేటనే పొయ్యుమని నేనే జెప్పిన," అంది.

సీసా అందుకుని గట్టిగా ఊపాను. మడ్డి లేచి, నీళ్లన్నీ తెల్లబడ్డాయి. జమున దాన్నే చూస్తూ నిలబడింది.

"గట్ల ఊపాల్నా అన్నా?"

"ఊపాలె చెల్లె. చెప్పనిది నేనే, తప్పు నాదే."

రెండో మాట ఆమె వినలేదు. అప్పటికే హీర్యా ఇంటికి పరుగెత్తుతోంది.