గోడ మీది బొంత

పేరు కుట్టడం కూడా అబద్ధం చెప్పడమేనా అన్న అనుమానం రమీజాకు ఎన్నేళ్లుగానో ఉంది. ప్యాంట్ల షెడ్డు నుంచి లేబుళ్ల పని ఇంటికి తెచ్చుకుని చేసిన రోజుల్లో పట్టుకున్న అనుమానం అది. ఒకే తానులోంచి కత్తిరించిన ప్యాంట్లు రెండు కుప్పలుగా వచ్చేవి. ఈ కుప్పకు ఒక పేరు, ఆ కుప్పకు ఇంకో పేరు. ఏ పేరు కుట్టినా వందకు పదిహేను రూపాయల కూలే. అంగడిలో మాత్రం ఒకటి నాలుగొందలకు, రెండోది రెండువేల నాలుగొందలకు పోతుందని కూతురు ఆరీఫా చెప్పి నవ్వేది. రమీజాకు నవ్వు వచ్చేది కాదు. రేపు అల్లా ముందర ఈ చేతిని అడిగితే ఏం చెప్పాలి? ఒకసారి భర్త మీరావలి చేత మసీదు దగ్గర పెద్దాయన్ను అడిగించింది. "కూలికి చేసిన పని, పాపం ఆమెది కాదులే" అన్నాడాయన. ఆ జవాబుతో నమాజు సాగింది గానీ అనుమానం పోలేదు.

ఇప్పుడు ఆమె ఒళ్లో మళ్లీ అవే పేర్లు.

మే నెల మిట్టమధ్యాహ్నం. పొద్దున పోయిన కరెంటు రాలేదు. బుక్కరాయసముద్రంలో ఊరి చివరి రేకుల ఇల్లు అది. దాని పంచలో రమీజా, పక్కింటి లక్ష్మక్క చెరో కొస నుంచి పెద్ద బొంత ఒకటి కుడుతున్నారు. చెమటకు సూది వేళ్లలోంచి జారిపోతోంది. పాత బట్టలతో బొంతలు కుట్టడంలో రమీజాకు ఆ చుట్టుపక్కల పేరుంది. అది విని బెంగళూరు నుంచి ఉమాదేవి వచ్చింది. కాలేజీలో బొమ్మలేయడం నేర్పే మనిషి. ఫ్యాక్టరీలు పారేసిన బట్టముక్కలు, పనికిరాని లేబుళ్లు మూటలు మూటలుగా తెచ్చి పోసి, "వీటన్నిటితో ఒక పెద్ద బొంత కావాలి. ఈ పేర్లన్నీ అందులో ఉండాలి" అని చెప్పిపోయింది. పూర్తయితే ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు. లక్ష్మక్క తన వంతును అప్పుడే వేరుశనగ విత్తనాల కింద లెక్కేసుకుంది.

"ఇంత బొంత కప్పుకుంటాడంటే ఆయమ్మ మొగుడు ఏనుగంత ఉంటాడేమో కదక్కా," అంది లక్ష్మక్క.

"నోరు ఆడించినంత చెయ్యి ఆడించు. చివరి కొస ఇంగా అట్లే ఉండాది," అంది రమీజా.

ఆ మాట మీదే ఆటో వచ్చి ఆగింది. ఉమాదేవి దిగి, చెప్పులు విడిచి, బొంత అంచు ఎత్తి చూసింది. ఇంకో అంచు ఎత్తింది.

"పేర్లేవి రమీజమ్మా?"

"లోపలుండాయమ్మా. ఒక్కటీ పారేయలేదు. బిరుసుగుండాయి కదా, పైకి పెడితే వీపుకు గీరుకుంటాయి. పసిబిడ్డలు పండుకునేది, యాడ పెట్టినా పొరల్లోకే పెట్టి కుట్టినాం."

ఉమాదేవి అక్కడే గడప మీద కూలబడింది. కేకలు వేయలేదు. "దీని మీద ఎవరూ పడుకోరు రమీజమ్మా. గోడకు వేలాడదీస్తాం. జనం చూడాలి."

"బొంతనా? గోడకా?"

"గోడకేం చలి పెడతాందా మేడమ్!" అని లక్ష్మక్క పగలబడి నవ్వి, ఎవరూ నవ్వకపోవడంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉమాదేవి ఓపిగ్గా చెప్పింది. జనం ఇప్పుడు బట్ట కొనడం లేదట, పేరు కొంటున్నారట. ఉన్నవాళ్లు ఆ పేరు వేసుకుని తిరుగుతుంటే లేనివాళ్లు అప్పు చేసి మరీ కొంటున్నారట. ఈ పేర్లన్నీ ఒకచోట గోడ నిండా కనబడితే, చూసినవాళ్లు ఒక్క నిమిషమైనా తమ ఒంటి మీది చొక్కా వైపు చూసుకుంటారని ఆమె ఆశ. రమీజా సూది ఆపి వింది. ఇంత చదువుకున్న మనిషికి కూడా తన అనుమానమే ఉందని తెలిసి ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"విప్పి తిప్పి కుడతాంలేమ్మా. రాత్రీ పగలూ కూర్చుంటాం."

"ఆదివారమే ప్రదర్శనకు సామాన్లన్నీ పోవాలి. ఇది విప్పడానికే పది రోజులు పడుతుంది కదా," అంటూ తల ఎత్తిన ఉమాదేవి చూపు ఇంట్లోకి పోయి ఆగిపోయింది.

గుమ్మం లోపల చాప మీద ఆరేళ్ల సిమ్రాన్ నిద్రపోతోంది. చెంప కింద నలిగిన నీలం కోటు. జేబు మీద పసుప్పచ్చ దారంతో కంపెనీ పేరు.

"అది ఎవరిది?"

"నా బిడ్డది," అంది రమీజా.

రెండేళ్ల కిందట ఇలాంటి ఎండలోనే, రేకుల షెడ్డులో, ఇస్త్రీ పెట్టెల వేడి మధ్య ఆరీఫా పడిపోయింది. నీళ్లు చల్లారు, ఆటో ఎక్కించారు, ఆస్పత్రి గేటు దాటేసరికి ఊపిరి లేదు. కంపెనీవాళ్లు ఆమె మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అన్నారు. కాంట్రాక్టరు అలాంటి పేరు నా దగ్గర లేదు అన్నాడు. నెలకు తొమ్మిది వేల ఐదొందలకు నాలుగేళ్లు వాళ్ల పేరును వేల చొక్కాల మీద కుట్టిన పిల్ల ఆమె. భర్త కేరళకు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాక, కూతుర్ని ఆ జీతంతోనే సాకింది. ఖననానికి స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద నుంచి తీసిన కోటును సిమ్రాన్ పట్టుకుని వదల్లేదు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ఉతకలేదు.

విన్న ఉమాదేవి కళ్లు నిజంగానే తడిసాయి. వాటిని తుడుచుకుని మెల్లగా అంది. "రమీజమ్మా, ఈ కోటును బొంత మధ్యలో పెట్టి కుట్టండి. అది చాలు. మిగతా పేర్లు కనబడకపోయినా ఫర్వాలేదు, మొత్తం డబ్బు ఇచ్చేస్తాను. ఉన్నది ఉన్నట్టుగా అయితే నేను దీన్ని తీసుకుపోలేను."

మంచం మీద మీరావలి దగ్గు ఆపుకుని లేచి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు దూది ఏకి ఏకి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. "ఇచ్చేయ్ రమీజా. గుడ్డే కదా. దాన్ని దాచిపెట్టుకుంటే బిడ్డ తిరిగొస్తాదా?"

లక్ష్మక్క చేతిలోని సూదినే చూస్తూ కూర్చుంది. ఆమె విత్తనాల లెక్క రమీజాకు బరువైంది.

లోపలికి పోయి, పిల్ల తల ఎత్తి పట్టుకుని కోటు లాగి, దాని బదులు తన కొంగు మడిచి పెట్టబోయి, కొంగు అందక దిండు పెట్టింది. పిల్ల లేవలేదు. కోటు తెచ్చి ఉమాదేవి చేతుల్లో పెట్టింది గానీ ఒక చెయ్యి పట్టు మాత్రం వదల్లేదు.

"చూసేటోళ్లకు ఇది ఎవరిదో తెలుస్తాదామ్మా?"

"కింద చీటీ పెడతాం. 'బట్టల ఫ్యాక్టరీ కార్మికురాలి కోటు' అని."

"ఆరీఫా అని రాయరా?"

ఉమాదేవి ఆలోచించింది. దాచకుండానే చెప్పింది. "పేరు రాస్తే ఒక్కరిదే అవుతుంది. రాయకపోతే అందరిదీ అవుతుంది."

"కంపెనీ పేరు?"

"అది జేబు మీద ఉంది కదా."

రమీజా జేబు వైపు చూసింది. అక్షరాలు చదవడం రాకపోయినా ఆ పేరు ఆకారం ఆమెకు తెలుసు. పెద్ద గోడ, దీపాలు, మంచి బట్టలు కట్టుకున్న జనం, మధ్యలో ఈ పసుప్పచ్చ దారం. చచ్చిపోయాక కూడా పిల్ల వాళ్ల పేరే మోయాలి.

"వద్దులేమ్మా," అంది.

"రాయమంటే రాస్తాను రమీజమ్మా. ఆరీఫా అనే రాస్తాను." ఉమాదేవి గొంతులో కంగారు.

"అడిగినాంక రాసేది వద్దులేమ్మా. బిడ్డ దీని మీద పండుకుంటాది."

కోటు లాక్కోలేదు. ఉమాదేవి వదిలేదాకా పట్టుకుని నిలబడింది. ఆటో వెళ్లిపోయింది, గది నిండేంత బొంత పంచలోనే మిగిలిపోయింది.

"చచ్చినోళ్ల గుడ్డ కోసరం నా విత్తనాలు పోగొడితివి," అంది లక్ష్మక్క లేస్తూ. "నీకేమి, మాకు చేను బీడుపడితే నువ్వేమన్నా పెడతావా?" సాయంత్రం నీళ్లకు కూడా ఇటువైపు రాలేదు.

రమీజా వాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కూతురికి బిడ్డ పుడితే నలభయ్యో రోజులోగా అమ్మమ్మ బొంత కుట్టి ఇవ్వాలి. పైనా కిందా అమ్మమ్మ కట్టి మెత్తబడిన చీర, మధ్య పొరలో తల్లి తొడిగిన బట్ట. సిమ్రాన్ పుట్టినప్పుడు లేబుళ్ల పని ముమ్మరంగా ఉండి, రమీజా సంతలో ఎలుగుబంటి బొమ్మ దుప్పటి కొని ఇచ్చింది. "దుప్పటి బాగుండాదిలే గానీమ్మా, బొంత బాకీ ఉండావు నువ్వు" అనేది ఆరీఫా. ప్రతి చలికాలమూ అడిగేది. ప్రతి చలికాలమూ రమీజా వచ్చే నెల అనేది.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే ఆమె తన పాత చీర పరిచింది. సిమ్రాన్‌ను బళ్లో ఎండాకాలం ఆటలకు పంపింది. కోటు జేబు మీది పసుప్పచ్చ దారాన్ని సూదిమొనతో ఒక్కో పోగే లాగింది. దారమంతా పోయింది. కోటు వెలిసిపోయింది గానీ దారం కింద ఉన్న బట్ట వెలవలేదు. ముదురు నీలంలో అదే పేరు అట్లాగే నిలిచింది. వేలితో రుద్దింది. ఉతికినా పోయేది కాదని ఆమెకు తెలుసు. కోటును ఆ పేరుతోనే చీర మీద పరిచింది.

నీడ పడి తలెత్తితే లక్ష్మక్క. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. చంకలోని పాత నూలు చీర తీసి కింద పడేసింది.

"ఇంగో పొర వెయ్యి. ఇట్ల పల్చగుంటే నేల తగుల్తాది బిడ్డకు. నీ మీద కోపం పోయిందనుకోవద్దు."

"పోవద్దులే. ఆ కొస పట్టుకో," అంది రమీజా.

మూడో రోజు మధ్యాహ్నానికి బొంత పూర్తయింది. బడి నుంచి వచ్చిన సిమ్రాన్ చాప చూసింది, దిండు ఎత్తి చూసింది.

"అవ్వా, మా అమ్మ కోటు యాడ?"

"ఇందులోనే ఉండాది. లోపల."

పిల్ల బొంత మీద బోర్లా పడి ముక్కు ఆనించింది. ఇంకోచోట ఆనించింది. తిరగేసి మళ్లీ వెతికింది. "వాసన రాలేదు," అంది.

రమీజా పిల్ల పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపటికి ఆ చిన్న వీపు మెత్తబడి బొంతకు ఆనింది.

"ఇది నువ్వు నాకిచ్చినావా అవ్వా?"

"మీ అమ్మ అడిగిండె," అంది రమీజా. "ఇదో, ఇచ్చినా."