ఏడో కంప్యూటరు పాస్‌వర్డు

కీబోర్డుల మీద దుమ్ము తుడవడం బడిలో కంప్యూటరు టీచరుగా ఆమె ఉద్యోగంలో భాగం కాదు. అయినా రోజూ ఆమే తుడుస్తుంది, ఇంటి నుంచి తెచ్చిన పాత దిండుగలీబు ముక్కతో. ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు. ఏది తెరిచినా పిల్లలందరికీ కలిపి ఒకటే ఖాతా, పేరు 'విద్యార్థి'. ఆమె ఏడోదాన్ని తుడుస్తుండగా హెడ్మాస్టరు గుమ్మంలోంచే అందుకున్నాడు.

"దీని పాస్‌వర్డు ఎవరో మార్చేశారటగా? నిన్న దీని మీద పరీక్ష ఆగిపోయిందట. సాయంత్రంలోగా సెట్టింగులన్నీ మూసేయండి మేడమ్, పిల్లలు వేలు పెట్టడానికి వీల్లేకుండా. తెలీకపోతే మీవారిని అడగండి, మొహమాటపడకండి."

ఆమె భర్త బట్టల దుకాణంలో మేనేజరు. కంప్యూటర్లు చదివింది ఆమె. అయినా "అలాగేనండి" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

భోజనాల గంట కొట్టాక ఒక పిల్ల వచ్చి నిలబడింది. ఎంత గట్టిగా మాట్లాడినా పక్కవాళ్లకు వినపడదని బడంతా ఆ పిల్లను 'గుసగుస' అని పిలుస్తుంది.

"నేనే మార్చాను మేడమ్."

"ఎందుకే?"

"నేను రాసుకున్నవి మిగతా పిల్లలు తెరిచి చదివేస్తున్నారు. పైకి. నా గొంతు పెట్టి."

"అంత దాచుకోడానికి నీ దగ్గరేముందే?"

అనేశాక గుర్తుపట్టింది. ఆ మాట ఆమెది కాదు. తల కొంచెం పక్కకు వాల్చి, నవ్వుతూ భర్త అనే మాట. ఆమె ఫోను పాస్‌వర్డు ఆయనే పెట్టాడు. మార్చుకుంటానన్న రోజు "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటి? దాచుకోడానికి నీ దగ్గరేముంది?" అన్నాడు. "మరి మీ ఫోనుకో?" అంటే, "అది దుకాణం ఫోనే పిచ్చిదానా" అన్నాడు. అప్పుడు తనూ నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు ఎవరిదో తేలడం లేదు. సెట్టింగులు మూయడం తప్పా? మూయకపోతే మళ్లీ ఎవరో మారుస్తారు, దీని మీద రాయాల్సిన పిల్లలు పరీక్ష లేకుండా కూర్చుంటారు. మూయాల్సిందే. కానీ ఆయన కూడా ప్రతిసారీ 'నీ మంచికే' అంటాడు. రెండూ ఒకటేనా, వేరా? వేరే అయితే తేడా ఎక్కడుంది? తన చదువులో ఈ ప్రశ్న రాలేదు.

గుసగుస తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడే ఉంది.

ఆమె ఏడో కంప్యూటరు ముందు కూర్చుంది. 'విద్యార్థి' పాస్‌వర్డు మళ్లీ పాతదే పెట్టి, ఇక ఎవరూ మార్చలేకుండా సెట్టింగులు మూసేసింది. తర్వాత ఆ పిల్ల పేరుతో ఇంకో ఖాతా తెరిచి, రాసుకున్నవన్నీ అందులోకి మార్చింది. ఇది హెడ్మాస్టరు చెప్పినదానికి పూర్తిగా ఎదురో, సగం ఎదురో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే ఏం చెప్పాలో అసలే తెలియదు.

"రా, కూర్చో. నీ పాస్‌వర్డు పెట్టుకో."

"ఏం పెట్టమంటారు మేడమ్?"

"నీ ఇష్టం. నాకూ చెప్పకు."

ఆమె పక్క కుర్చీలోకి జరిగాక పిల్ల కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. వేళ్లు కదలలేదు. ఇంకా ఎందుకు ఆలోచిస్తోందో ఆమెకు కాసేపటిదాకా తట్టలేదు. తట్టాక లేచి, కుర్చీని గోడ వైపు తిప్పి కూర్చుంది.

వెనక మీటలు టకటకమన్నాయి. ఎన్ని అక్షరాలో లెక్కపెట్టకుండా ఉండటం ఆమెకు చాలా కష్టమైంది.