ముహూర్తం సౌదా

"చేతులు తుడుచుకొని రా సుమంగళా, టైమైతున్నది!" మొగుడు వెంకట్రావ్ హాల్లోంచి కేకేశాడు.

సుమంగళ గరిజెలు వేయిస్తోంది. దీపావళి లక్ష్మీపూజ నాడు, శుభానికని షేర్లు కొనే ముహూర్తం సౌదాకు షేర్ బజారు కాసేపు తెరుస్తారు. నాందేడ్‌లో బట్టల దుకాణం నడిపే ఆ ఇంట్లో, కోడలే ఇంటి లక్ష్మి అని, ఆ సౌదా ఆమె చేత చేయిస్తారు. ఖాతా ఆమె పేరు మీదే ఉంది, ఫోనులో ఆమె వేలిముద్రతోనే తెరుచుకుంటుంది. ఏం కొనాలో మాత్రం మగవాళ్లు తేలుస్తారు. పెళ్లయిన ఏడాది ఏ కంపెనీ అని ఆమె అడిగితే, "లక్ష్మి గిట్ల సవాళ్లు అడుగుతదా?" అన్నాడు మామ రామకిషన్. ఇల్లంతా నవ్వింది. తనూ నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఈసారి కంప్యూటర్ సర్వర్లు తయారుచేసే కంపెనీ. షేరు ధర సగానికి పడింది. "పడ్డప్పుడే పట్టాలె" అని వెంకట్రావ్ పట్టు. పెట్టేది అదే జిల్లాలోని హిమాయత్‌నగర్ దగ్గర సుమంగళకు వాళ్లమ్మ రాసిచ్చిన పత్తిచేను అమ్మిన సొమ్ము. ఆ చేను అమ్మేదాకా పోరు పెట్టిందీ అతనే. ఎండలో నడుం వంచి పత్తి ఏరిన అమ్మ, ఎవరి ఫోనులోనో మెరిసే అంకె కోసం ఏరలేదు.

అందుకే సుమంగళ కొన్నాళ్లుగా అంట్లు తోమాక కూర్చుని ఆ కంపెనీ నివేదికలు చదివింది. చదివిన ఎంకామ్‌ను ఇన్నేళ్లకు పనిలో పెట్టింది. సరుకు అమ్ముడుపోక పేరుకుపోయింది. అతిపెద్ద కొనుగోలుదారు చేజారాడు. యజమానులు తమ వాటాలే తాకట్టు పెట్టారు. కొత్త ఆర్డర్లు వస్తే ధర రెట్టింపు కావచ్చు, అదీ ఆలోచించింది. రాకపోతే? మొన్న అడిగితే, "నువ్వు గరిజెల సంగతి చూడు" అన్నాడు వెంకట్రావ్.

హాల్లోకి వచ్చి కూర్చుని ఫోను మీద వేలు పెట్టింది. ఖాతా తెరుచుకుంది. వెంకట్రావ్ ఆర్డరు నింపి ఫోను ఆమె ముందు పెట్టాడు.

"ఒత్తు బిడ్డా" అన్నాడు మామ.

సుమంగళ నొక్కలేదు.

"అప్పు పెరిగింది, సరుకు కదుల్తలేదు. మీరు చదివిండ్రా మామా?"

ఆయన కొడుకు వైపు చూశాడు.

"పండుగ పూట గిదేంది? బజారు బంద్ అయితది!" వెంకట్రావ్ గొంతు పెంచాడు.

"కానీయుండ్రి."

ఆర్డరు తీసేసి ఆమె లేచి నిలబడింది.

"గంత భరోసా ఉంటే మీ పేరు మీద కొనుండ్రి."