వందమందితో ఆడొచ్చు

కళ్ళద్దాల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసి, నడుం పట్టేసి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పుతుంటే మా ఆయన ఎదురొచ్చి కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. తెరిచేసరికి టీవీ కింద తళతళలాడుతూ కొత్త గేమ్ కన్సోల్ ఉంది. నా ఒళ్ళు మండిపోయింది.

"పాతదేది?"

"ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశా. దాని ఫ్యాను గోలకి పాప పడుకునేది కాదుగా. దీని ప్రాసెసర్ చూడు, దానికి మూడింతలు. ఆన్‌లైన్లో ఒకేసారి వందమందితో ఆడొచ్చు. ఎక్కడా ఆగదు."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"సర్‌ప్రైజ్ అని..."

"నీ సర్‌ప్రైజ్ పాడుగాను."

పాపం, పెళ్ళాం సంతోషిస్తుందని తెచ్చాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. తప్పు చేసినవాడినైతే కడుపునిండా తిట్టుకోవచ్చు, ఈయన్నేం తిడతాం?

ఆ పాత మెషిన్‌లో నా పేరు కందిరీగ. ఆదివారం సాయంత్రాలు నాతో జట్టుగా ఆడేవాడి పేరు గుడ్లగూబ. వాడెవడో ఊరూపేరూ లేని కుర్రాడని మా ఆయన అనుకుంటున్నాడు. వాడు నా తమ్ముడు. అమ్మ వాడి దగ్గరే ఉండేది. జబ్బు ముదిరిందన్న సంగతి నాకు దాచి, అంతా అయిపోయాక ఫోన్ చేశాడు. చుట్టాలందరి ముందూ "వీడు నా తమ్ముడే కాడు" అని వచ్చేశాను. అన్నానంటే అన్నానంతే, దిగిరావడం నా ఒంట్లో లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆటలో గుడ్లగూబ అనేవాడు జట్టు కడతావా అని పిలిచాడు. "ఎడంపక్క ఇద్దరున్నారు" అని హెడ్‌ఫోన్‌లో వినపడ్డ మొదటి మాటకే గొంతు పోల్చుకున్నాను. వాడూ పోల్చుకునే ఉంటాడు. ఇద్దరం బయటపడలేదు. "వెనక్కి రా", "కాచుకో", "నా దగ్గర మందుంది, తీసుకో", ఇంతే మా మాటలు. నాకవి చాలు. నా పంతమూ నిలిచేది, తమ్ముడూ దక్కేవాడు.

కొత్తదాంట్లోనూ అదే ఆట ఉంది. గుడ్లగూబ పేరూ ఉంది. పక్కన మాత్రం "వేరే తరం మెషిన్‌లో ఉన్నారు, ఆహ్వానించలేరు" అని వచ్చింది. సందేశం రాసుకోవచ్చట. ఏమని రాయాలి? కందిరీగలా రాయాలా, అక్కలా రాయాలా? రాసింది రాసినట్టే చెరిపేశాను.

మర్నాడు అది కొన్న దుకాణానికి వెళ్ళాను. అమ్మేవాడు మెమరీ, వేగం, బొమ్మ నాణ్యత అంటూ ఏకరువు పెట్టాడు.

"దీంట్లోవాళ్ళు పాతదాంట్లోవాళ్ళతో ఆడొచ్చా?"

"కలవదు మేడమ్. పాతది ఈ స్పీడు తట్టుకోలేదు కదా."

"అయితే నా పాతది నాకిచ్చెయ్యండి."

"అందులోవన్నీ చెరిపేసి అమ్మేశాం మేడమ్. పాతవి ఇక రావు కూడా. మీ ఫ్రెండ్‌నే ఇది కొనుక్కోమనండి."

అనగలిగితే నీ దగ్గరికెందుకొస్తానయ్యా, అని లోపలే అనుకుని బయటికొచ్చాను.

ఆదివారం పాపని మా ఆయన చేతిలో పెట్టి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికి?"

"గుడ్లగూబ ఇంటికి."

"వాడిల్లు నీకెలా తెలుసు?"

"చిన్నప్పుడు చంకనేసుకుని మోసిన గుడ్లగూబే."

మా ఆయన నోరు తెరిచాడు. మూసేలోగా మెట్లు దిగిపోయాను.

బస్సులో కూర్చున్నంతసేపూ కోపాన్ని చల్లారనివ్వలేదు. తలుపు తీసినవాడి మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. లిఫ్టులు రిపేరు చేసే చేతులకి గ్రీజు మరకలు. నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు, అంతే.

"ఊళ్ళోవాళ్ళంతా కొత్తది కొంటే నీకేం రోగం? ఇంకా ఆ డొక్కు పట్టుకుని వేలాడుతున్నావా?" అన్నాను.

"నువ్వు పాతదాంట్లో ఉంటావని కొనలేదు."

సోఫాలో కూలబడ్డాను. వాడు బీరువాలోంచి ఇంకో రిమోట్ తీసి, దుమ్ము తుడిచి నా చేతికిచ్చాడు. ఏవేవో నొక్కాడు. ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే వీల్లేదని తెరమీద పడింది.

ప్రపంచంలో ఏ మూలనున్నవాణ్ణయినా కలుపుతుందట. ఒకే సోఫాలో కూర్చున్న ఇద్దరిని మాత్రం ఆడించదట.

"ఏ దరిద్రుడు తయారుచేశాడ్రా దీన్ని?" అన్నాను.

వాడు తెరవైపే చూస్తున్నాడు. కళ్ళు తిప్పకుండానే "అమ్మే చెప్పొద్దంది అక్కా" అన్నాడు. "అప్పుడు నీకు ఏడో నెల. చెబితే అది పరిగెత్తుకొస్తుంది, కడుపులో పిల్లకేమైనా అయితే నేను భరించలేను అని ఒట్టు వేయించుకుంది."

"అంతమంది ముందు నిన్ను అన్నేసి మాటలంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"ఆ పూట చెబితే అమ్మ మీద కోపం తెచ్చుకునేదానివి. నా మీదైతే పర్లేదనుకున్నా."

నిజంగానే అమ్మ మీద కోపం వచ్చింది. కడసారి చూపు దక్కనివ్వనందుకు పట్టరాని కోపం. కానీ అరవడానికి అమ్మ లేదు, ఎదురుగా వీడున్నాడు. వీడిమీదే అరిచాను. నాలుగిళ్ళకి వినపడేలా, ఏడుస్తూ అరిచాను. మధ్యలో వాడు లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగి, మళ్ళీ మొదలుపెట్టాను.